నా ఒంటి మీది తెలుపులు

నేను ఒక కర్రను. చీరాలలో మగ్గం ఒకటి విరిగితే పొయ్యిలోకి పోవలసినదాన్ని, పెయింటర్ కాలేషా మేస్త్రి కంటపడి రంగు కలిపే కర్రనయ్యాను.

తెలుపంటే ఒకటే అనుకునేవాళ్లను చూస్తే నాకు జాలి. రెండు చుక్కలు పసుపు పడితే మీగడ తెలుపు, ఒక్క చుక్క నీలం పడితే ముగ్గుపిండి తెలుపు. మొదటిది మనిషిని కూర్చోమంటుంది. రెండోది గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడుతుంది. షేడ్ కార్డులు తెచ్చేవాళ్లను చూసి మేస్త్రి నవ్వేవాడు. ఆయనకు కన్నే కొలత. రంగు కుదిరాక బొటనవేలితో నాకు బొట్టు పెట్టేవాడు, ఇంటికొకటి. ఆ గర్వం నాకూ తక్కువేం కాదు.

రిటైరైన సువార్తమ్మ టీచరు ముందుగదికి మీగడ తెలుపు అడిగింది. బతుకంతా బడి గోడల మధ్యే గడిచిందట, ఇకనైనా ఇల్లు ఇల్లులా ఉండాలంది. మేస్త్రి పసుపు కలిపాడు. "ఎక్కువైందే" అంటూ నీలం వేశాడు. మళ్లీ చూసి మళ్లీ వేశాడు. వద్దని చెప్పడానికి నాకు నోరేదీ?

గోడ ఆరాక ఆమె చాలాసేపు చూసింది.

"ఆస్పత్రి వార్డులా ఉందయ్యా మేస్త్రీ."

ఆయనకు చర్రున మండింది. "గోడ బానే ఉంది టీచరమ్మా. మీ కళ్లే ఒకసారి చూపిచ్చుకోండి."



మరుసటి ఏడు నిచ్చెన మెట్టు కంటికి ఆనక మేస్త్రి జారిపడ్డాడు. కూతురు కళ్ల డాక్టరు దగ్గరకు లాక్కెళ్లింది. రెండు కళ్లలోనూ పసుపు తేలిన శుక్లాలు. ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక ఆయన నన్ను పట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. కుడికన్ను మూసి చూశాడు, బొట్లన్నీ మీగడే. ఎడమకన్ను మూసి చూశాడు. చివరి తొమ్మిదీ నీలంగా ఉన్నాయి. కర్రకు ఏడుపేమిటని నవ్వకండి, నాకు ఏడుపొచ్చింది.

పనికి వెళ్లడానికి డాక్టరు ఒప్పుకోగానే రంగు డబ్బానూ నన్నూ తీసుకుని టీచరు ఇంటికి వెళ్లాడు.

"చూపిచ్చుకోవాల్సిన కళ్లు నాయి టీచరమ్మా. గోడ మళ్లీ వేస్తా."

"నువ్వన్నప్పుడే చూపించుకున్నానయ్యా. బాగానే ఉన్నాయన్నారు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే నువ్వు మళ్లీ బ్రష్షు పట్టుకునేవాడివా?"

మేస్త్రి పసుపు సీసా వంచి, ఎక్కడ ఆపాలో ఆమెనే చెప్పమన్నాడు. ఆమె "చాలు" అంది. ఆ బొట్టు ఆమె వేలితోనే పెట్టించాడు.

ఇంకా ఎనిమిది ఇళ్లకు వెళ్లాలి.