ఊకెనే చేసిన సార్

కుడి కాలు అయింది. నర్సింహ ఎడమవైపుకు వచ్చి, భుజానికి భుజం ఆనించి మోకాలి కింద రెండు వేళ్ళతో నొక్కగానే ముసలి గుర్రం తనే కాలెత్తి ఇచ్చింది. ఆ గిట్టను ఒళ్ళో పెట్టుకుని ఇనుప కొక్కెంతో మట్టీ పేడా గీకసాగాడు. మధ్యాహ్నం లారీ ఎక్కి చావబోయే గుర్రానికి గిట్టలు శుభ్రం చేసే పిచ్చివాడు తనొక్కడే అయి ఉంటాడనుకున్నాడు. అయినా చేతులు ఆగలేదు. చిన్నప్పటి నుంచీ పొద్దున లేవగానే చేసే పని అదే మరి.

కాగితాల మీద గుర్రం పేరు ఇంగ్లీషులో బారెడుంటుంది. నర్సింహ మాత్రం మల్లిగాడు అంటాడు. బూడిద రంగు పోయి ఒళ్ళంతా తెల్లబడింది. వెనక కాలు కుంటి. కళ్ళ మీద గుంటలు పడ్డాయి.

నర్సింహదీ పెద్ద అందమైన వాలకం కాదు. మెడ కొంచెం ఎడమకు వంగి ఉంటుంది. విరిగి అతుక్కున్న చోట భుజం ఎముక చొక్కాలోంచి బుడిపెలా కనిపిస్తుంది. దొడ్డికాళ్ళ నడక. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఆ మూడంగుళాలే కొంప ముంచాయి. మలక్‌పేట రేసుకోర్సులో గుర్రాలు కడిగేవాడి కొడుకుగా పుట్టి, మీసాలు రాకముందే జాకీ అయ్యాడు. పందెపు గుర్రం మీద కూర్చునేవాడు పిట్టంత ఉండాలి. పస్తులున్నాడు, ఎండాకాలం స్వెట్టర్లు తొడుక్కుని పరుగెత్తాడు, ఇంట్లో పెళ్ళయితే విందు వాసన తగలకుండా పెరట్లోకి పోయి కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి ఒళ్ళు ఇక మాట వినలేదు. ఐర్లండులో కంచెలు దూకించే పందేలుంటాయనీ, అక్కడ కాస్త బరువున్నా పనికొస్తారనీ ఎవరో చెబితే వెళ్ళాడు.

పదిహేనేళ్ళు దూకాడు. పేరు మాత్రం రాలేదు. పేరున్న జాకీలు కాలు విరిగి పడుకుంటే వాళ్ళకు బదులుగా ఎక్కేవాడు. తర్వాత తనూ విరిగి పడుకునేవాడు. అతను గెలిచిన నాలుగు పందేలూ మల్లిగాడి మీదే. గోర్డన్ అనే కెనడా కాల్గరీ ఆసామి ఆ గుర్రాన్ని కొన్నప్పుడు, జీనుతో పాటు జాకీని కూడా పట్టుకొచ్చాడు. ఇక్కడ అలాంటి పందేల్లేవు. గోర్డన్ ఫారంలో కలిగినవాళ్ళ పిల్లల గుర్రాలకు దూకడం నేర్పేవాడు. మెడ దెబ్బతిన్నాక దాన్నీ మానేసి చీపురు పట్టాడు.

ఇప్పుడు ఊరు ఫారం దాకా వచ్చేసింది. ఎటు చూసినా కొత్తగా దిగే జనం, వాళ్ళ కోసం లేచే ఇళ్ళు. గోర్డన్ భూమి అమ్మేశాడు. మిగతా గుర్రాలన్నిటికీ దారి దొరికింది. కుంటి మల్లిగాడిని మాత్రం కిలోల లెక్కన కొనేవాడు తప్ప ఎవరూ అడగలేదు. "నువ్వు తీసుకుంటావా, ఊరికే ఇస్తాను," అని గోర్డన్ అడిగిన మాట నిజం. రెండు గదుల అపార్టుమెంటులో గుర్రాన్ని ఎక్కడ కట్టేయాలి?

జాగా ఉన్న మనిషి ఒకాయన ఉన్నాడు. కాశీవిశ్వనాథం గారు, రిటైరైన గుండె డాక్టరు. ఊరి బయట అయిదెకరాల మధ్య ఇల్లు. ఆదివారం నర్సింహ ఆ మాట అడగడానికే భార్య శ్యామల చేసిచ్చిన సకినాల డబ్బా పట్టుకుని వెళ్ళాడు. గుమ్మం ముందు చెప్పుల గుట్ట. హాలు నిండా పరుపులు, సూట్‌కేసులు, చార్జర్లు. ఈ రెండేళ్ళలో హైదరాబాదు నుంచీ బెజవాడ నుంచీ చదువుకోసం దిగిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఆయన నంబరే దిక్కయింది. 'అంకుల్, రూమ్.' 'అంకుల్, జాబ్.' 'అంకుల్, దుప్పటి.' ఆయన ఎవరికీ కాదనడు. ఇంతమంది పీక్కుతింటున్న మనిషి మీదికి ఒక గుర్రాన్ని కూడా ఎలా తోలడం? "ఏవయ్యా నర్సింహా, పనిమీద వచ్చావా?" అని ఆయన అడిగితే, "లేదు సార్, ఊకెనే వచ్చిన," అని టీ తాగి వచ్చేశాడు.

ఆ రాత్రి శ్యామల తల కొట్టుకుంది. "గంత దూరం పోయి సకినాలిచ్చి వస్తివా? గీ మొహమాటం ఎన్నడు పోతది నీకు? అడగందే అమ్మైనా పెట్టదు." ఈ పొద్దున టిఫిన్ డబ్బా చేతికిస్తూ కూడా అదే అంది. "ఫోన్ల అడుగు. మొఖం కనబడది గద."

నాలుగో గిట్ట అయ్యాక నర్సింహ బయటికొచ్చి ఫోన్ చేశాడు. అటువైపు ఒకటే గోల.

"ఆఁ నర్సింహా, చెప్పు. ఎయిర్‌పోర్టులో ఉన్నానయ్యా. ముగ్గురు పిల్లలు దిగారు. ఒకడి పెట్టె రాలేదు. ఇంకో అమ్మాయికి రూమ్ ఇస్తానన్నవాడు ఫోనెత్తట్లేదు. ఏంటి, అర్జెంటా?"

"ఏం లేదు సార్. ఊకెనే చేసిన."

"సరే, సాయంత్రం మాట్లాడతా."

ఫోన్ పెట్టగానే హమ్మయ్య అనిపించింది. అడిగే గండం తప్పిందని ఒళ్ళు తేలికపడింది. ఆ తేలిక ఎంత నీచమైందో మరుక్షణమే తెలిసి, లోపలికెళ్ళి మల్లిగాడి మొహం చూడలేకపోయాడు. ఇంకోసారి చేద్దామని రెండుసార్లు ఫోన్ తీశాడు. ఆ ముగ్గురు పిల్లలూ గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టేశాడు.

లారీ వచ్చింది. తను కొట్టం వెనకే ఉండిపోవాలని, చూడకూడదని ముందే అనుకున్నాడు. కానీ మల్లిగాడు ఎక్కనని మొండికేశాడు. లారీకి ఏటవాలుగా ఆనించిన బల్ల మీద ముందు కాళ్ళు పెట్టడం, వెనక్కి గుంజుకోవడం. డ్రైవరు కర్ర తీశాడు. కర్ర చప్పుడు వినగానే నర్సింహ పరుగెత్తుకొచ్చి తాడు అందుకున్నాడు.

పందెంలో కంచె దగ్గరపడగానే మెడ మీదికి వంగి ఒక్క మాట అనేవాడు. ఆ మాట అన్నాక మల్లిగాడు ఏనాడూ ఆగలేదు. ఎంత ఎత్తు కంచె అయినా, అవతల ఏముందో కనబడకపోయినా దూకేవాడు.

"పా బిడ్డా," అన్నాడు నర్సింహ.

ముసలి గుర్రం చెవులు నిక్కబొడుచుకున్నాయి. కుంటి కాలు ఈడుస్తూనే, ముందు కాళ్ళు అవసరానికి మించి పైకెత్తి బల్లెక్కి లోపలికి నడిచింది. భలే పని చేశావన్నట్టు డ్రైవరు నర్సింహ వీపు తట్టాడు. నమ్మించి గొంతు కోయడం అన్న మాట నర్సింహ చాలాసార్లు విన్నాడు, వాడాడు కూడా. అది ఇంత సులువుగా ఉంటుందని తెలియదు. కర్ర దెబ్బలతో ఎక్కి ఉంటే గుర్రానికి కనీసం అనుమానమైనా ఉండేది. ఆ అనుమానం కూడా లేకుండా చేశాడు.

శ్యామల ఇచ్చిన డబ్బా మూత తీయలేదు. పొద్దు వాలేదాకా ఖాళీ కొట్టాలు ఊడుస్తూనే ఉన్నాడు. గోర్డన్ వచ్చి తలుపు దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు. అయిపోయిందనీ, బాధ లేకుండానే పోయిందనీ చెప్పాడు. నర్సింహ తలూపాడు.

గోర్డన్ కారు గేటు దాటాక ఫోన్ మోగింది.

"నర్సింహా, పొద్దున సరిగ్గా మాట్లాడలేకపోయాను, ఏమీ అనుకోకు," కాశీవిశ్వనాథం గారి గొంతు వెనక కుక్కర్ కూత, పిల్లల అరుపులు. "అసలు నిన్నో మాట అడుగుదామని నెల రోజులుగా అనుకుంటున్నా. ఆదివారం నోటిదాకా వచ్చింది. మొహమాటమేసి ఊరుకున్నా."

"చెప్పుండ్రి సార్."

"ఇంటి వెనక గడ్డి నడుందాకా పెరిగిందయ్యా. కోసేవాడు లేడు. ఎండిపోతోంది, ఎవడు సిగరెట్ పారేసినా అంటుకుంటుందని భయం. మీ ఫారంలో పనికిరాని ముసలి గుర్రం ఏదైనా ఉంటే మా దగ్గర వదలకూడదూ? మేసుకుంటూ పడుంటుంది. ఈ పిల్లలకీ ఇంటి మీద బెంగ, దాన్ని చూసుకుంటూ ఉంటారు. నిన్నెలా అడగాలా అని..."

నర్సింహ నోరు తెరిచాడు.

"ఒకటి ఉండె సార్."

"ఆఁ? వినపడట్లేదు. ఉందా?"

"ఉండె సార్..."

"ఉందా! మరింకేం, రేపే తోలుకొచ్చెయ్. ఒరే పిల్లలూ, గుర్రం వస్తోందర్రా!"

అటువైపు పిల్లలంతా ఒక్కసారి కేకలు వేశారు. ఆ కేకల మధ్యే ఫోన్ కట్టయింది. మళ్ళీ చేసి చెప్పాలి. ఆ పిల్లల సంబరం మీద నీళ్ళు పోయాలి. నంబరు మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. నొక్కలేకపోయాడు.

మల్లిగాడి కొట్టం ఒక్కటే ఊడ్చకుండా మిగిలింది. తలుపు తీశాడు. గోడకు తాడుతో కట్టిన ఉప్పు గడ్డ, ఒక పక్క నాకి నాకి నాలుక పట్టేంత గుంట పడి, ఇంకో పక్క కొత్తదిలాగే వేలాడుతూ ఉంది.