దాచుకున్న టైరు

నేను ఒక టైరును. ఈ మాట చెప్పుకోవడానికి నాకే మొహం చెల్లడం లేదు. ఇన్నాళ్ళలో నేను దొర్లిందల్లా షాపు గుమ్మం నుంచి వ్యాను దాకానే.

రబ్బరూ మసీ కలిపి, లోపల ఉక్కు తీగలు పెట్టి, వేడి అచ్చులో నన్ను ఉడికించారు. అక్కణ్ణుంచి నర్సీపట్నంలో ఒక టైర్ల షాపుకు చేరాను. చింతపల్లి కొండల్లో పికప్ వ్యాను నడిపే గెమ్మెలి బాలన్న నన్ను చూసింది అక్కడే.

"సలికాలం పొగమంచుకి కంకరంతా తడిసిపోయి బండి జారిపోతందండీ. ఏది మంచిదో సెప్పండి" అన్నాడు.

"నున్నటిది తారు రోడ్డుకే బాగుంటది. ముతక గళ్ళది బురదలో లాగుద్ది గానీ తారు మీద ఒకటే మోత. మీకు రెండు రోడ్లూ ఉన్నాయి కాబట్టి ఇదిగో, ఈ ఆల్ టెరైన్ తీసుకోండి" అన్నాడు షాపాయన.

బాలన్న నా గాడుల్లో వేలు పెట్టి లోతు చూశాడు, పక్కలు నొక్కాడు, వాసన కూడా చూశాడు. పెళ్ళిచూపుల్లో కూడా అంతసేపు చూసి ఉండడు. చివరికి వెనక చక్రాలకని నన్నూ నా జోడునూ కొన్నాడు. ఎంపికలో తప్పు లేదు. బుర్రంతా ఆ ఎంపికలోనే ఖర్చయిపోయింది, అదీ నా బాధ.

జోడును ఎడమవైపు బిగించాక ఆగిపోయాడు. రెండూ ఒక్కసారే అరగగొట్టడం ఎందుకని కుడివైపు పాత బోడి టైరునే ఉంచి, నన్ను స్టెప్నీగా బండి కింద వేలాడదీశాడు. దొంగలెత్తుకుపోతారని గొలుసు చుట్టి తాళం కూడా వేశాడు. నా కింద నుంచి కంకర రోజూ వెళ్ళిపోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

డిసెంబరులో బాలన్న భార్య అక్క సన్నమ్మ స్ట్రాబెర్రీ తొలి కోత కోసింది. రాగి చేను మానేసి వేసిన పంట అది. చింతపల్లిలో వ్యాపారి సరుకు చూసి నచ్చితే సీజనంతా తనే కొంటానన్నాడట. ఆలస్యమైతే ఆగనని కూడా చెప్పాడట. తెల్లవారగానే ట్రేలన్నీ వ్యానులో ఎక్కించుకుని బయలుదేరారు.

తడి కంకర ఎత్తులో బండి ఆగిపోయింది. ఎడమవైపు నా జోడు నేలను పట్టుకునే ఉంది. కుడివైపు బోడిది ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది. గోనెసంచులు వేశారు, రాళ్ళు పెట్టారు. బండి అంగుళం కదల్లేదు. సన్నమ్మ వంగి నన్ను చూసింది.

"కొత్తది కింద ఏలాడతందేటి మరిదీ?"

"రాళ్ళకి కోసుకుపోద్దని దాసేను వదినా."

"రాళ్ళ కోసమే కొన్నానన్నావు గదేటి!"

ఆ మాటకు నేను గొలుసుతో సహా ఎగిరి గంతేసేదాన్నే. బాలన్న సిగ్గుపడి జాకీ తీశాడు. జేబులు తడుముకున్నాడు. తాళంచెవి ఇంట్లో ఉండిపోయింది. రాయితో ఎంత కొట్టినా తాళం ఊడలేదు. తాళం ఎంపికలోనూ మా బాలన్న దిట్టే మరి!

సన్నమ్మ ఇక ఆగలేదు. మోయగలిగినన్ని ట్రేలు నెత్తిన పెట్టుకుని పొగమంచులో నడిచి వెళ్ళిపోయింది. మిగిలినవి బండిలోనే ఎండెక్కేదాకా ఉన్నాయి. ఆ దారిన వచ్చిన జీపువాడొకడు తాడు కట్టి మమ్మల్ని పైకి లాగేసరికి, సన్నమ్మ అవే ట్రేలతో ఎదురొచ్చింది.

"యాపారి ఎల్లిపోనాడు" అంది.

పండ్ల రసం ఆమె చెంప మీదుగా కారుతోంది. బాలన్న ఊరికే నిలబడలేక వంగి, నన్ను చేత్తో తుడిచాడు.

"పోన్లే వదినా. కొత్త టైరుకి గీత కూడా పడనేదు" అన్నాడు.

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. సన్నమ్మ ట్రేలోంచి నలిగిన పండొకటి తీసి అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇది కూడా దాసుకో మరిదీ" అంది.