ఏరు దాటిన గడప

నేను ఒక గడపను. అదీ ఒకప్పుడు. ఇప్పుడు నన్నేమనాలో, నా కథ విన్నాక మీరే తేల్చుకోండి.

ఎక్కడో ఎగువ అడవిలో మద్దిచెట్టుగా పెరిగాను. ఒక ఏడు వరద ఎర్రనీళ్ళకు కూలి, గోదావరిలో కొట్టుకొచ్చి, పాయల నడుమ ఉన్న బొగడలంక ఒడ్డున ఇసుకలో ఇరుక్కున్నాను. వడ్రంగి భద్రాచారి నన్ను చెక్కి, చిత్రిక పట్టి, కొత్తగా కాపరానికొచ్చిన మంగాయమ్మ తాటాకింటికి గడపగా బిగించాడు. మర్నాడే ఆవిడ నాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, దణ్ణం పెట్టింది. మనుషులు భలేవాళ్ళు. దారికి అడ్డంగా ఏది పడున్నా తిట్టి తంతారు, నాకు మాత్రం మొక్కుతారు.

నా మీద కూర్చోకూడదు. నన్ను తొక్కకూడదు. నాకు అటొకరు ఇటొకరు నిలబడి ఏదీ ఇచ్చిపుచ్చుకోకూడదు. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న పిల్ల నన్ను దాటి ప్రయాణం కట్టకూడదు, ఏరు అసలే దాటకూడదు. ఈ చట్టాల్లో ఒక్కటీ నేను చేసింది కాదు. నా పేరు పెట్టి వాళ్ళే చేసుకున్నారు.

మంగాయమ్మ పెద్దకూతురు రత్నావతి తొలికాన్పుకి పుట్టింటికొచ్చింది. ఎనిమిదో నెలలో ఒక పొద్దున వాకిలి ఊడ్చి లోపలికొస్తుంటే ఒక నెత్తుటిచుక్క నా మీద పడింది. పిల్లకి నొప్పేమీ లేదు.

"నొప్పి లేదుగా, ఏం కాదులే. వేడి చేసుంటాది," అని మంగాయమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆ చుక్కని తుడిచి, ఆ రోజు నాకు మామూలు కంటే మందంగా పసుపు రాసింది. మర్నాడూ అంతే. మూడోనాడు మధ్యాహ్నం కుండ పగిలినట్టు రక్తం పోయింది. పిల్లని మంచం మీద వేసుకుని, నన్ను దాటి, పడవ దగ్గరికి పరుగెత్తారు. ఏటి మధ్యలోనే తల్లీ పోయింది, కడుపులో బిడ్డా పోయింది.

పదోరోజుకల్లా లంక తీర్పు చెప్పేసింది. ఎనిమిదో నెలలో గడప దాటించి పడవెక్కించబట్టే పోయిందట. తప్పు ఆ మూడు రోజులది, నింద నాది. మంగాయమ్మ కూడా ఆ మాటే గట్టిగా పట్టుకుంది. పట్టుకోకపోతే ఆవిడ బతికేది కాదేమో. అందుకే నాకు ఆవిడ మీద ఏనాడూ కోపం రాలేదు.

ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఆవిడ కొడుకు ఏడుకొండలుకి పెళ్ళయింది. కోడలు వీరవేణికి అయిదో నెలలో స్కానింగ్ తీస్తే కడుపులో మాయ కిందికి ఉందన్నారు. బిడ్డ పెరిగేకొద్దీ చాలామందికి పైకి జరుగుతుందిలే అన్నారు. ఏడో నెల చివర మళ్ళీ తీస్తే జరగలేదు.

ప్రతి బుధవారం పడవలో లంకకొచ్చే నర్సు కరుణమ్మ ఆ కాగితం పట్టుకుని మా వాకిట్లో నిలబడింది.

"మాయ కిందకొచ్చి, బిడ్డ బయటికొచ్చే దారిని కప్పేసిందండి. మీ గడప చూడండి, గుమ్మానికి ఎలా అడ్డం పడుకుందో, అలాగ. నొప్పులొచ్చేదాకా చూస్తే రక్తం ఆగదు. ఆపరేషనూ, రక్తం ఎక్కించే వీలూ ఉన్న ఆసుపత్రి పక్కనే ఉండాలి. ఎర్రనీళ్ళు రాకముందే పిల్లని ఏరు దాటించెయ్యండి."

ఏడుకొండలు అప్పటికే ఆసుపత్రి వీధిలో గది చూసి ఉంచాడు. రక్తం కలిసేవాళ్ళని ముగ్గుర్ని వెతికాడు. అడ్డల్లా వాళ్ళమ్మే.

"ఎనిమిదో నెల్లో గడప దాటించి ఒకదాన్ని చంపుకున్నాను నర్సమ్మా. ఇంకోదాన్ని చంపుకోను."

కరుణమ్మ వాదించలేదు. ఆచారాన్ని వెక్కిరించనూ లేదు. రత్నావతి సంగతి లంకలో అందరి నోటా విన్నదే. అరుగు మీద కూర్చుని మెల్లగా ఒక్కటే అడిగింది.

"పెద్దమ్మా, ఆ పిల్లకి రక్తం ఎప్పుడు కనబడింది? గడప దాటాకా, ముందా?"

మంగాయమ్మ వంగి నా మీద చెయ్యి వేసింది.

"రెండ్రోజుల ముందే," అంది. "నొప్పి లేదన్నాది. అందుకని నేనూ..."

పసిపిల్లల్ని కూడా నా మీద కూర్చోనివ్వని మనిషి, నా మీదే కూలబడింది. వరదలు మోశాను, పెళ్ళిళ్ళు మోశాను, ఆ బరువు మాత్రం మోయలేకపోయాను.

"అప్పుడు మీకు చెప్పేవాళ్ళు లేరు పెద్దమ్మా. ఇప్పుడు నేనున్నాను," అంది కరుణమ్మ.

వీరవేణి వచ్చి పక్కన నిలబడింది. "నాకూ బయ్యంగానే ఉందత్తా. ఎల్తే ఒక బయ్యం, ఉంటే ఒక బయ్యం."

మంగాయమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. "ఒరే ఏడుకొండలూ, గునపం తే."

"గునపం ఎందుకే?"

"ఎనిమిదో నెల్లో పిల్ల గడప దాటకూడదు. దాటదు. గడపే దాంతో వత్తాది."

అలా నన్ను ఊడబెరికారు. పడవలో వీరవేణి కాళ్ళ కింద పరిచారు.

"ఇంకా నయం, తలుపులు కూడా ఎక్కించలేదు మంగాయమ్మక్కా," అన్నాడు పడవ సింహాద్రి.

"నోరు మూసుకుని నెమ్మదిగా పోనీ. నీ రత్తం కూడా కలిసిందంట. రేపు నువ్వూ వచ్చి ఇయ్యాల."

నేను లోపల్లోపల నవ్వుకున్నాను. ఎవరినీ ఏరు దాటనివ్వని గడపని, నేనే దాటేశాను. మూడో రోజుకి లంకంతా ఎర్రనీళ్ళే.

ఆసుపత్రి వీధి గదిలో గుమ్మం ముందు నన్ను వేసుకున్నారు. పన్నెండో రోజు పొద్దున్నే వీరవేణి బయటికి అడుగు పెడుతుండగా నా మీద ఒక చుక్క పడింది. నొప్పేమీ లేదు. అదే ఎరుపు. మంగాయమ్మ చూసింది. ఈసారి ఆవిడ చెయ్యి పసుపు డబ్బా వైపు వెళ్ళలేదు.

"ఆటో! ఆటో పిలవండ్రా!"

పది నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నారు. ఆపరేషన్ చేశారు, రెండు సీసాల రక్తం ఎక్కించారు. సింహాద్రి అప్పటికే తన వంతు ఇచ్చి ఉన్నాడు. ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలే ఉందని వారం రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. ఆ తర్వాత తల్లీ పిల్లా ఇద్దరూ నన్ను దాటి లోపలికొచ్చారు. నా బతుకులో అంత తేలికైన అడుగులు నేనెరగను.

వరద తీశాక ఏడుకొండలు కూలిన ఇల్లు మళ్ళీ కట్టి రాతిగడప వేశాడు. నన్ను పొయ్యిలో పెడతారనుకున్నాను. మంగాయమ్మ పెట్టనివ్వలేదు, తీసుకెళ్ళి కరుణమ్మకిచ్చింది. లంకలో నర్సు కూర్చునే చిన్న గది వరండాలో, రెండు ఇటుకల దొంతుల మీద నన్ను పరిచారు. బుధవారం బుధవారం గర్భిణులంతా నా మీద కూర్చుంటారు. వాళ్ళ బరువు నాకు హాయిగా ఉంటుంది.

కొత్తగా వచ్చిన పిల్లలు జంకుతారు. "ఇది గడప కదండీ, కూకోవచ్చా?"

"కూకోండమ్మా, కూకోడానికే తెచ్చాను," అంటుంది మంగాయమ్మ, చంకలో మనవరాలితో. ఏ బుధవారమూ మానదు. చీరల రాపిడికి నా పసుపంతా అరిగిపోయి, అడుగునున్న, ఇరవై ఏళ్ళు దాటిన పాతమరక ఒకటి బయటపడింది. అదేమిటో ఆవిడకీ నాకూ తెలుసు. దాని మీద వేలు పెట్టి చూపిస్తుంది.

"ఇదిగో, ఇంత సుక్క సాలు. నొప్పి ఉన్నా లేకపోయినా, పసుపు రాసి కూకోకండి. పడవకి కేకెయ్యండి."

ఆ మాట చెప్పాక తనూ నా మీదే కూర్చుంటుంది. ఎంత మంది ఉన్నా సరే, ఆ మరక దగ్గర ఒక మనిషికి చోటు వదిలి, దాని పక్కన కూర్చుంటుంది.