వాననీళ్ళ బకెట్టు

…అదే మాట తన ఒక్కదాని ముందు అనివుంటే ఇంతగా మండేది కాదేమో. వినీ వినీ మొద్దుబారిన చెవికి అది ఇంకో మాట, అంతే. కానీ యూనిఫాంలో వచ్చిన ఆ అమ్మాయి ముందు, టార్చిలైటు వెలుతుర్లో, తననొక పనిమనిషిని చూపించినట్టు చూపుడు వేలితో చూపిస్తూ అన్నాడే! హేమమాలిని టబ్బులోని నీళ్ళు మగ్గుతో తోడి, బకెట్టు మూతికి కట్టిన పాత వాయిల్ చీర ముక్క మీద పోసింది. నీళ్ళు దిగిపోయి గుడ్డ మీద నలుసులు మిగిలాయి. మాటలు కూడా ఇలాగే వడకట్టుకోగలిగితే బాగుండును. ఆమెలో మాత్రం నలుసులు లోపలికి పోతాయి, నీళ్ళే బయట మిగులుతాయి.

పై అంతస్తు బాల్కనీ అంచు నుంచి వానధార ఎక్కడ పడుతుందో ఆమెకు తెలుసు. ఉరుము వినిపిస్తే చాలు, పొయ్యి కట్టేసి టబ్బు అక్కడికి జరుపుతుంది. ఆ తర్వాత వడకట్టడం, గుడ్డ కట్టడం, మూత పెట్టడం, హాల్లోకి మొయ్యడం. దేశంకాని దేశంలో, బిషాన్‌లో ఈ ఫ్లాటుకి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె నడుముకి ఇదే వ్యాయామం.

మొక్కలు ఆమె భర్త అనిల్‌కుమార్‌వి. రెండువేల సంవత్సరం ముందు వైటూకే కంప్యూటర్ల పనికని వచ్చిన మనిషి, ఆ పని అయిపోయాక కూడా ఇక్కడే ఉండి ప్రాజెక్ట్ మేనేజరయ్యాడు. ఒత్తిడి తగ్గాలంటే ఇంట్లో పచ్చదనం ఉండాలని ఆఫీసులో ఎవరో చెప్పారట. నెమలి ఈకల్లాంటి చారల కలాథియాలు, ఫెర్నులు, ఇంకా పేరు తెలియనివి కారు నిండా తెచ్చి హాల్లో సర్దాడు. నెల తిరక్కుండా ఆకుల చివర్లు మాడిపోయాయి, మట్టి మీద తెల్లగా పొర కట్టింది. “కుళాయి నీళ్ళలో సున్నం ఉందండీ, ఈ జాతికి పడదు, వాననీళ్ళయితే బావుంటాయి” అంది హేమ. అది ఆమెకు తెలిసిన విషయం గనక అంది. “గుడ్. అయితే పట్టు” అన్నాడు. అంతే. చెప్పిన పాపానికి చాకిరీ అయింది.

పల్నాట్లో వాళ్ళ ఊరి నీళ్ళు పప్పు ఉడకనివ్వవు. వాన పడితే అమ్మ చూరు కింద గుండిగలు వరసగా పెట్టేది. ఆ నీళ్ళు నాన్న తినే పప్పుకి. మిగిలితే దేవుడికి. ఇంకా మిగిలితే నాన్న కాఫీకి. ఆడవాళ్ళందరి తలలకూ బావినీళ్ళే. సబ్బు ఎంత రుద్దినా నురగ వచ్చేది కాదు, తెల్లటి తెట్టు వెంట్రుకలకు పట్టేది, ఆరేసరికి జుట్టు కొబ్బరి పీచు. ఒకసారి హేమ గుండిగలో చెంబు ముంచితే మేనత్త చేతి మీద కొట్టింది. “వాననీళ్ళు నెత్తిన పోసుకుంటావా? ఏ మహారాణివే నువ్వు?”

ఆ తర్వాత హేమ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. గుంటూరు ఆడపిల్లల కాలేజీలో ల్యాబు చూసుకునేటప్పుడు నీళ్ళలో సున్నమెంతో కొలిచే ప్రయోగం ఆమెకు అన్నిటికన్నా ఇష్టం. బ్యూరెట్ గొట్టం నుంచి చుక్క, చుక్క, చుక్క. ఫ్లాస్కులో ద్రాక్షరసం రంగు ఎంతకీ మారదు. ఏమీ జరగడం లేదనిపిస్తుంది. పిల్లలు విసుగుపడేవాళ్ళు. “జరుగుతోందర్రా, మీకు కనపడ్డం లేదంతే” అనేది. ఆఖరి ఒక్క చుక్కకి మొత్తం నీలమైపోయేది.

ఇంటికెవరొచ్చినా అనిల్ ముందు మొక్కల దగ్గరికి తీసుకెళ్తాడు. “మావాళ్ళు కుళాయి నీళ్ళు ముట్టరు, ఓన్లీ రెయిన్ వాటర్” అంటాడు. నవ్వుతారు. ఆ వాన హాల్లోకి నడిచొచ్చి కుండీల్లో పడుతుందనుకుంటారు కాబోలు. ఫోన్లో అత్తగారు: “మొక్కలు పెంచే మొగుడు దొరకడం నీ అదృష్టమమ్మా. మీ మామగారు తులసమ్మకి చెంబుడు నీళ్ళు పోసి ఎరుగుదురా?” రెండో క్లాసు చదివే కూతురు నళిని మాత్రం ఒక పొద్దున పాలు తాగుతూ అంది: “డాడీ ప్లాంట్స్‌కి గుడ్ మార్నింగ్ చెప్తాడు. నీకు చెప్పడు లా.” మాట చివర ఆ ‘లా’ ఇక్కడి బడిలో అంటుకుంది. హేమ నవ్వింది. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

వీటన్నిటికీ నవ్వుతూనే వచ్చింది, పోయిన శనివారం దాకా.

ఆ శనివారం దోమల తనిఖీకి ఆ అమ్మాయి వచ్చింది. డెంగీ ఎక్కువైందని ఇంటింటికీ తిరుగుతున్నారు. బాల్కనీలో బకెట్లు చూడగానే ఆ పిల్ల మొహం మారింది. హేమ గుడ్డలు విప్పి చూపించింది. ఏమీ లేవు. టార్చి హాల్లోకి తిరిగింది. టీవీ పక్కన గాజు కూజాలో లక్కీ బాంబూ. ప్రమోషన్ వస్తుందని అనిల్ తెచ్చి పెట్టుకున్నాడు. “దాని నీళ్ళు నువ్వు మార్చకు, లక్కు కదిలిపోతుంది” అని హేమకి ప్రత్యేకంగా చెప్పాడు కూడా. కూజా అడుగున దోమల పిల్లలు గిలగిలా ఈదుతున్నాయి.

“ఈ మొక్కలు ఎవరివి సార్?”

పేపరు మడిచి లేచాడు అనిల్. “మై వైఫ్ టేక్స్ కేర్ ఆఫ్ ఆల్ దట్. షీ ఈజ్ ఎట్ హోమ్ ఓన్లీ, నో?”

మొక్కలు పచ్చగా ఉన్నప్పుడు ఆయనవి. దోమలు పుట్టినప్పుడు ఆమెవి. ఆ పిల్ల హేమ వైపు తిరిగి, పసిపిల్లలకు చెప్పినట్టు, నీళ్ళు నిలవ ఉంచకూడదని నిదానంగా చెప్పింది. హేమ తలూపింది. ఎందుకు ఊపాను? వారం నుంచీ అదే ప్రశ్న. ఆయన అన్నందుకన్నా తను తలూపినందుకు ఎక్కువ మండుతోంది. తలుపు వేశాక ఆయన, “పొద్దస్తమానం ఇంట్లో ఉండి ఏం చేస్తావసలు?” అన్నాడు.

బకెట్టు నిండింది. ఇవాళ సెరంగూన్‌లో ఇంటర్వ్యూ, పది గంటలకి. నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబు. వాళ్ళే పిలిచారు. రాత్రి అనిల్‌తో చెబితే టీవీ మీంచి చూపు తిప్పలేదు. “టెస్టుట్యూబులు కడిగే ఉద్యోగమా? నీ ఇష్టం. కానీ రేపు మాత్రం కుదరదు. సాయంత్రం మా డైరెక్టర్ వస్తున్నాడు. ఇంకో రోజిమ్మను.”

“ఇంకో రోజివ్వరండి. రేపొక్కరోజే చూస్తున్నారు.”

“అయితే దేవుడు వద్దన్నాడనుకో” అని నవ్వాడు.

ఆమె లేచి వెళ్ళి తలకు నూనె పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో అప్పుడు ఆమెకే తెలియదు.

ఇప్పుడు ఆయన టై సర్దుకుంటూ హాల్లోకి వచ్చాడు. “హేమా, కలాథియా ఆకులు తుడువు. వాటికి నీళ్ళు గట్టిగా పట్టించు, సాయంత్రానికి నిగనిగలాడాలి. ఫోన్ చేసి రావట్లేదని చెప్పేశావా?”

హేమ రెండు చేతులా బకెట్టు ఎత్తింది. హాల్లోకి నడిచింది. కలాథియా ముందు ఒక్క క్షణం ఆగింది. ఈ మొక్క చేసిన పాపమేమీ లేదు. దీని ఆకు చివర మాడకుండా చూసిన చేతులు తనవే. అయినా దీనికింత మెత్తటి నీళ్ళు మోసిన మనిషి నెత్తి మీద ఇప్పటిదాకా ఒక్క చుక్క పడలేదు. ఈ ఇంట్లో ఎవరికీ అది తోచలేదు. తనకూ తోచలేదు.

కుండీ దాటుకుని బాత్రూం వైపు నడిచింది.

“ఎక్కడికా నీళ్ళు?”

“తలంటుకోవడానికి.”

“వాట్? మరి మొక్కలకి?”

“వంటింట్లో కుళాయి ఉందండీ.”

“కుళాయి నీళ్ళు వాటికి పడవని చెప్పింది నువ్వే కదా!”

“అవును. నేనే” అంది. గడియ పెట్టింది.

బయట ఆయన ఏదో అంటున్నాడు, డైరెక్టర్ అన్న మాట రెండుసార్లు వినపడింది. చీర ముక్క విప్పింది. అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి నీళ్ళు. మగ్గు ముంచి మాడు మీద పోసుకుంది. రాత్రి ఆకాశం చల్లదనం ఇంకా వాటిలో ఉంది, ఒళ్ళు జల్లుమంది. సబ్బు తీసి ఒక్కసారి రుద్దింది. నురగ చేతులు దాటి, మెడ దాటి, మోచేతుల మీదుగా జారింది. ఇంత నురగ తన తలలోంచి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. బకెట్టులో ఇంకా సగం పైన ఉన్నాయి. మళ్ళీ మగ్గు ముంచింది.