పెద్దమనిషి కోసం కట్టేసిన కుర్చీ

నేను ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని. చేతులున్న రకం. వీపంతా చిల్లుల పువ్వు ఉంటుంది. అది అందం కోసమే అనుకున్నాను చాలాకాలం. ప్లాస్టిక్ ఆదా కోసమని తర్వాత అర్థమైంది.

పుట్టింది ఇండోనేషియాలో, ఓడలు ఆగే ఒక పెద్ద ఊళ్ళో. అచ్చులో వేడిగా పోశారు, నిమిషంలో చల్లబడ్డాను, అంతే నా బాల్యం. తోబుట్టువులమంతా ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చుని ఫ్లోరెస్ అనే దీవికి వచ్చాం. వాళ్ళంతా సంతలో, టీ కొట్లలో, పెళ్ళిళ్ళలో పదిమందినీ చూస్తూ అరిగిపోయి ఉంటారు. నన్ను మాత్రం కొండమీది గోలో రింతు అనే పల్లె కోరుకుంది.

నన్ను తెచ్చినవాడు కొర్నేలిస్. అప్పటికి పదిహేడేళ్ళు. కొండ మీంచి కాఫీ గింజల మూట దింపి, తిరుగు ప్రయాణంలో నన్ను తలకిందులుగా నెత్తిన పెట్టుకున్నాడు. రోడ్డు ఏటి దగ్గర ఆగిపోతుంది. ఏరు దాటాక మూడు గంటల ఎక్కుడు. ఏట్లో బట్టలుతికే ఆడవాళ్ళు ఊరుకుంటారా?

“ఏం కొర్నేలిస్, పెళ్ళాన్ని మోసుకొస్తున్నావా?”

“మరీ బక్కగా ఉందే!”

“ఉంటే ఉందిలే, నాలుగు కాళ్ళున్నాయి. చాకిరీకి పనికొస్తుంది!”

అత్తవారింటికి వెళ్ళే పిల్లకు చెప్పాల్సినవన్నీ అందులోనే చెప్పేశారు.

గోలో రింతులో ఇళ్ళు బోర్లించిన గంపల్లా గుండ్రంగా కూర్చుని ఉంటాయి. మంచు చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టంలాంటిది, తలుపు వేసినా లోపలే ఉంటుంది. ఉతికిన బట్ట నాలుగు రోజులకు గానీ ఆరదు, ఆరాక పొగవాసన వేస్తుంది. ఉప్పు డబ్బాలోనే నీరైపోతుంది. వానలు మొదలయ్యాయంటే ఏరు పొంగి ఊరికి గొళ్ళెం పడుతుంది. లోపలున్నవాళ్ళు లోపలే. జ్వరమొచ్చినా, నొప్పులొచ్చినా, ఏరు ఒప్పుకుంటేనే ఆసుపత్రి.

ఆ ఏటిమీద వంతెన వేయాలా వద్దా అని చూడటానికి తాలూకా అధికారి వస్తానని ఉత్తరం రాశారట. ఆయన కోసమే నేను. ఊళ్ళో అందరూ చాపలమీద కూర్చుంటారు. బూట్లు వేసుకునే మనిషికి మోకాళ్ళు వంగుతాయో లేదోనని ఊరిపెద్ద బ్లాసియుస్‌కు బెంగ పట్టుకుంది.

వాళ్ళకో ఆచారం ఉంది. అతిథి కోసం పరిచిన చాపమీద అతిథికన్నా ముందు ఎవరూ కూర్చోకూడదు. కూర్చుంటే వచ్చే అతిథి దారి తప్పుతాడని నమ్మకం. చాప అయితే సాయంత్రానికి చుట్టేయవచ్చు. కుర్చీని ఎలా చుడతారు? బ్లాసియుస్ నన్ను ఊరి పెద్దింట్లో నడిమి స్తంభానికి ఆనించి, పేముతీగతో చేతులకూ కాళ్ళకూ ఏడు ముడులు వేశాడు. “ఆయన వచ్చాకే విప్పుతాను” అన్నాడు.

ఆయన రాలేదు. ఒకసారి వానట, ఒకసారి మీటింగట, ఒకసారి ఏటిదాకా వచ్చి ఫోటో తీసుకుని వెళ్ళారట. పదేళ్ళు గడిచాయి. చుట్టాలొస్తే తీద్దామని పింగాణీ కప్పులు అలమారాలో దాచి, సత్తు గ్లాసుల్లోనే కాపీలు తాగే ఇళ్ళు మీకు తెలిసే ఉంటాయి. ఆ కప్పుల బాధ నాకు తెలుసు. అవైనా అద్దంలోంచి బయటికి చూడగలవు. నా ముందు గోడ. గోడమీద పొగ. వారానికోసారి ఎవరో ఒకరు తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ ముడులు సరిచూసి వెళ్ళేవారు. పదేళ్ళపాటు నా మీద అధికారికంగా ఎవరూ కూర్చోలేదు. ‘అధికారికంగా’ అన్న మాట కొంచెం గుర్తుపెట్టుకోండి.

ఈలోగా కొర్నేలిస్ బ్లాసియుస్ కూతురు రోఫీనాను పెళ్ళాడాడు. ఆమెకు నెలలు నిండేసరికి వానలు మొదలయ్యాయి. సరిగ్గా అప్పుడే ఉత్తరమొచ్చింది. అధికారిగారు బుధవారం తప్పకుండా వస్తున్నారు. ఈసారి నిజంగానే. బ్లాసియుస్ నన్ను బూడిదపెట్టి తోమాడు. పదేళ్ళ పొగ వదిలి మళ్ళీ ఎర్రగా అయ్యాను.

రోఫీనాకు మంగళవారమే నొప్పులు మొదలయ్యాయి. బుధవారం తెల్లవారినా బిడ్డ దిగలేదు. ఆమెను పెద్దింటికి తెచ్చి, నా ఎదురుగా చాపమీద పడుకోబెట్టారు. మంత్రసాని సబీనా, ఊళ్ళో సగంమందికి బొడ్డు కోసిన ముసలమ్మ, పొట్టమీద చేయివేసి చూసి లేచింది.

“బిడ్డ అడ్డం తిరిగింది. నా చేతికి లొంగదు. కిందికి తీసుకుపోవాల్సిందే.”

రోగులను లుంగీగుడ్డలో వేసి, వెదురుకు కట్టి మోయడం అక్కడి అలవాటు. అలాగే పడుకోబెట్టి ఎత్తారు. గుడ్డ ముడుచుకుపోయి రోఫీనాకు ఊపిరాడలేదు. పెదవులు నీలంగా మారాయి. గబగబా దించేశారు.

“కూర్చోబెట్టి మోయాలి” అంది సబీనా.

అందరూ నా వైపు చూశారు. తర్వాత బ్లాసియుస్ వైపు చూశారు.

“మధ్యాహ్నానికి ఆయన వస్తున్నాడు” అన్నాడు బ్లాసియుస్. “పదేళ్ళు కాచుకున్నాం. ఇప్పుడు ఆయనకన్నా ముందు ఎవరైనా కూర్చుంటే... ఆయన దారి తప్పితే... వంతెన పోతే ఊరంతా...”

“ఆయనకు పిర్రలున్నాయి, మనకు నేలుంది. ఎలాగో కూర్చుంటాడు. నీ కూతురికి ఈ కుర్చీ ఒక్కటే ఉంది, బ్లాసియుస్” అంది ముసలమ్మ.

చాపమీంచి రోఫీనా పళ్ళబిగువున పలికింది. అక్కడ తండ్రిని ‘ఎమా’ అంటారు.

“ఎమా... నేనెప్పుడో కూర్చున్నాలే. పదమూడో ఏట. నువ్వు కాఫీ తోటకెళ్ళినప్పుడు.”

పెద్దాయన నోరు తెరిచాడు. “అయితే ఇన్నాళ్ళూ ఆయన రాకపోవడానికి నువ్వా కారణం!”

“పిల్లనంటావేం? నేనూ కూర్చున్నా” అంది సబీనా. “నా నడుం సంగతి నీకేం తెలుసు? తుడిచే వంతు వచ్చినప్పుడల్లా కూర్చున్నా.”

“నేను మోసుకొచ్చిన రోజే కూర్చున్నా మామా. సగం దారిలో. కాళ్ళు లాగాయి” అన్నాడు కొర్నేలిస్.

ఆ తర్వాత మూల నుంచి ఒకరు, గుమ్మం దగ్గర నుంచి ఇద్దరు. నిజానికి ఊళ్ళో సగంమంది బరువు నాకు తెలుసు. కుర్చీలకు నోరు లేదు కాబట్టే ఊళ్ళు మర్యాదగా నడుస్తున్నాయి.

బ్లాసియుస్ ఒక్కడే ఏమీ ఒప్పుకోలేదు. నేనూ ఆయన గురించి ఏమీ చెప్పను. మొలలోంచి కత్తి తీసి, ఏడు ముడులూ తనే కోశాడు.

నా చేతులకింద రెండు వెదుళ్ళు దూర్చి, రోఫీనాను కూర్చోబెట్టి, నడుముకు గుడ్డ కట్టారు. పదేళ్ళ తర్వాత ఆకాశం చూశాను. చూడటానికి అక్కడ వాన తప్ప ఏమీ లేదు. మూడు గంటలు దిగాం, జారాం, నిలదొక్కుకున్నాం. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె వేళ్ళు నా చేతుల్ని పిండేవి. పగిలిపోతానేమోనని భయమేసింది. పట్టు వదిలేస్తుందేమోనని అంతకన్నా భయమేసింది.

ఏరు ఎర్రగా పారుతోంది. అవతలి ఒడ్డున జీపు, జీపు పక్కన గొడుగు, గొడుగు కింద అధికారి. ఆయన దారి తప్పలేదు! ఎనిమిదిమంది ఒకరి భుజం ఒకరు పట్టుకుని నన్ను తలలమీదికెత్తి నీళ్ళలోకి దిగారు. నడిమధ్యలో కొర్నేలిస్ కాలు జారింది. ఒక పక్కకు ఒరిగిపోయి నా వెనక కాలు బండకు కొట్టుకుని ఫటేలుమంది. మిగిలిన మూడు కాళ్ళూ, పదహారు చేతులూ ఆమెను ఒడ్డు చేర్చాయి.

“జీపు, అయ్యా! జీపు!” అని అరిచాడు కొర్నేలిస్.

మనిషి మంచివాడే. వెంటనే జీపు ఇచ్చేశాడు. అది ఆమెనూ మొగుణ్ణీ తీసుకుని వెళ్ళిపోయింది. జీపు తిరిగొచ్చేదాకా ఆయన చేయగలిగింది లేదు. చుట్టూ చూసి, ఒడ్డున నన్ను చూసి, కూర్చున్నాడు. పదేళ్ళ నా నిరీక్షణ సరిగ్గా మూడు క్షణాలు ఫలించింది. బీటవారిన కాలు పుటుక్కుమంది. అధికారిగారు బురదలో చతికిలబడ్డారు. ముసలమ్మ చెప్పింది నిజమే, ఎలాగో కూర్చున్నాడు.

సాయంత్రానికి కబురొచ్చింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం.

నెల తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది. బ్లాసియుస్ పెద్దింట్లో గట్టిగా చదివాడు. ‘గోలో రింతు ప్రజలు కుర్చీతో సహా రోగిని ఏరు దాటించడం నేను కళ్ళారా చూశాను. వారి ధైర్యసాహసాలు ప్రశంసనీయం. కనుక వంతెన అవసరం అంత తక్షణమైనదిగా తోచలేదు.’ చంకలో పిల్లతో కూర్చున్న రోఫీనా, “ఈసారి ములిగిపోయి చూపిద్దాం ఎమా” అంది.

నాకు విరిగిన కాలి స్థానంలో వెదురు కాలు పెట్టారు. నడిమి స్తంభం దగ్గరికే మళ్ళీ తెచ్చారు. ఎదురుగా అదే గోడ, అదే పొగ. బయట వాన. ఏరు పొంగింది, ఊరికి గొళ్ళెం పడింది. బ్లాసియుస్ కొత్త పేముతీగ తెచ్చి నన్ను కట్టేశాడు. ఎవరైనా అడిగితే, వచ్చే పెద్దమనిషి కోసమే అంటాడు.

కానీ ఈసారి ఏడు ముడులు లేవు. ఒక్కటే ఉంది. కొస పొడుగ్గా వదిలాడు. ఒంటిచేత్తో లాగితే ఊడిపోతుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరినీ వరసగా పిలిచి, ఏ కొస లాగాలో చూపించాడు.