ఇరవై నాలుగో మీట

శుక్రవారం మధ్యాహ్నంలోగా ఎడ్విన్ పైక్ నోట ‘బాగుంది’ అన్న మాట రాకపోతే ఆల్బమ్ ఉండదు. ఆల్బమ్ లేకపోతే స్టూడియో మూతపడుతుంది. స్టూడియో మూతపడితే శశాంక్ వర్క్ పర్మిట్ గల్లంతు. సోమవారం నుంచీ ఇదే గొలుసు అతని బుర్రలో తిరుగుతోంది. భార్య ఉషశ్రీ కట్టిచ్చిన డబ్బా రెండు రోజులుగా తీసుకెళ్లినట్టే ఇంటికి తిరిగొస్తోంది.

శశాంక్‌ది తెనాలి. ఆక్లండ్‌లో సౌండ్ ఇంజినీరింగ్ కోర్సు చదివి అక్కడే పనిలో కుదిరాడు. పెళ్లి సంబంధాలప్పుడు వాళ్ల నాన్న జనార్ధనరావు ‘సౌండ్’ అన్న మాట మింగేసి, ‘మావాడు ఇంజినీర్’ అని మాత్రమే చెప్పుకున్నాడు. స్టూడియో ఊరి శివారున టకానినిలో ఉంది. ఒకప్పుడు కూరగాయలు ప్యాక్ చేసిన రేకుల షెడ్డు అది. చుట్టూ కొత్త ఇళ్లు లేస్తున్నాయి, పక్కనే రైలు పట్టాలు. రైలొచ్చినప్పుడల్లా రికార్డింగ్ ఆపాలి. ఎడ్విన్ రెండు వారాల్లో టైమ్‌టేబుల్ మొత్తం బట్టీ పట్టి, పదకొండూ పన్నెండు రైలు రెండు నిమిషాలు లేటని గొణిగేవాడు.

ఈ ఎడ్విన్ సంగతి కొంచెం చెప్పాలి. ఇంగ్లండులో హల్ అనే రేవు ఊరు. 1982లో స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చునే కాలిన్‌తో కలిసి ‘నార్త్ ప్లాట్‌ఫామ్’ అని బ్యాండు పెట్టాడు. పాటలు రాసేది, పాడేది ఎడ్విన్. గిటారు కాలిన్. మొదటి ఆల్బమ్ పదకొండు రోజుల్లో చేసి పారేస్తే దేశమంతా పాడుకుంది. పేరొచ్చాక పట్టింపు మొదలైంది. రెండోదానికి రెండేళ్లు పట్టింది, మూడోదానికి నాలుగు. ఒక్క డప్పు దెబ్బ కోసం మూడు వందల సార్లు వాయించమంటే డ్రమ్మర్లు మనుషులే కదా, ఒకరి తర్వాత ఒకరు ఐదుగురు పారిపోయారు. మిగిలింది కాలిన్ ఒక్కడే. ఇప్పుడు 2004, నాలుగో ఆల్బమ్ ఆరేళ్లుగా నడుస్తోంది. లండన్ కంపెనీ వాళ్లు విసిగిపోయి, ఖర్చు తక్కువని ఇక్కడికి పంపి, శుక్రవారం దాటితే మాకొద్దు అని తేల్చేశారు.

అసలు ఈ పని శశాంక్‌ది కాదు. అతని పైన సీనియర్ ఒకాయన ఉండేవాడు. మూడో వారంలో ‘టౌరంగాలో మా అమ్మకి బాగాలేదు’ అని వెళ్లి మళ్లీ రాలేదు. ఆయన తల్లి ఉండేది వెల్లింగ్టన్‌లో అని అందరికీ తెలుసు, ఎవరూ తప్పుపట్టలేదు. మిక్సింగ్ మొత్తం శశాంక్ నెత్తిన పడింది. పాటలో ఏ వాయిద్యం ఎంత వినపడాలో, గొంతు ఎక్కడ ముందుకు రావాలో సర్దడమే మిక్సింగ్. పెద్ద బల్ల మీద ఇరవై నాలుగు మీటలుంటాయి, ఒక్కో శబ్దానికి ఒక్కోటి.

బుధవారం ఉదయం మొదటి పాట నూటపదో సారి వేశాక ఎడ్విన్ కళ్లు మూసుకుని అన్నాడు. “గొంతు చుట్టూ ఊపిరాడట్లేదు, శాష్. గాలి కావాలి.”

శశాంక్ తనకి తెలిసినవన్నీ అప్పటికే చేసేశాడు. అప్పుడు ఇరవై నాలుగో మీట కనపడింది. ఉద్యోగంలో చేరిన రోజే స్టూడియో యజమాని గ్రెగ్ కన్నుగీటి చెప్పాడు. ‘దానికి వెనక వైరు లేదు. మొండి కస్టమర్లు వచ్చినప్పుడు వాడుకో.’ శశాంక్ ఆ మీట మీద వేలు పెట్టి మెల్లగా పైకి జరిపాడు.

“ఆగు.” ఎడ్విన్ కళ్లు తెరిచాడు. ముఖం విప్పారింది. “అదే. ఏమిటది?”

“ఎయిర్,” అన్నాడు శశాంక్.

“బాగుంది,” అన్నాడు ఎడ్విన్.

ప్రాణం లేచొచ్చింది. ఎడ్విన్ పెన్సిల్ తీసుకుని, మీట ఎక్కడ ఆగిందో అక్కడ సన్నగా గీత గీశాడు. వెనక్కి వంగి చూస్తాడేమోనని శశాంక్ బల్లకి అడ్డంగా నిలబడ్డాడు. గురువారం మధ్యాహ్నానికి ఏడు పాటలు ఒప్పుకున్నాడు మహానుభావుడు. ఆరేళ్లలో జరగనిది ఒకటిన్నర రోజులో జరిగింది. గ్రెగ్ వచ్చి భుజం తట్టి వెళ్లాడు. ఇంకా మూడు మిగిలాయి.

ఆ సంబరంలోనే ఎడ్విన్ కాలిన్‌ని పిలిచాడు. “విను. శాష్, ముందు తీసేసి, తర్వాత పెట్టు.”

శశాంక్ మీట దించాడు, ఎత్తాడు. కాలిన్ తల వంచి శ్రద్ధగా విన్నాడు. నెమ్మదైన మనిషి, ఎవరి మాటకీ అడ్డుపడని మనిషి.

“నాకేం తేడా తెలీలేదు, ఎడ్.”

“మళ్లీ విను.”

మూడుసార్లు వేయించాడు. మూడోసారి కాలిన్ తల అడ్డంగా ఊపాడు. ఎడ్విన్‌కి కోపం వస్తే బాగుండేది. అతను జాలిగా చూశాడు.

“నీ చెవులు పోయాయి, కాలిన్. ఇన్నేళ్లు ఆ స్పీకర్ల ముందు నిలబడ్డావు కదా.”

కాలిన్ ముఖంలో నెత్తురు లేదు. “ఈమధ్య ఫోన్లో మా అమ్మాయి మాటలు సరిగా అందట్లేదు,” అన్నాడు చిన్నగా. “లైను బాగాలేదనుకున్నా.”

“మిగతా మూడు పాటల్లో నీ గిటారు తీసేసి నేనే వాయిస్తా. నువ్వు ఇంటికెళ్లు. డాక్టరుకి చూపించుకో.”

కాలిన్ తలూపాడు. శశాంక్ నిజం చెప్పలేక నీళ్లు నమిలాడు. ఇద్దరూ గదిలోంచి వెళ్లిపోయాక కూడా చెయ్యి ఆ మీట మీదే ఉంది. తనని తాను అసహ్యించుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో అంతా ఉషశ్రీకి చెప్పాడు. ఆమె వీధి మూల డెయిరీలో, అంటే అక్కడి చిల్లర కొట్టులో, కౌంటర్ దగ్గర పనిచేసి అప్పుడే వచ్చింది.

“చెప్తే ఏమవుద్ది?” అంది.

“మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. గ్రెగ్ నన్ను తీసేస్తాడు. రెసిడెన్సీ ఫైల్ అక్కడితో క్లోజ్.”

“మరి చెప్పకండి. వాళ్లూ వాళ్లూ చిన్నప్పటి ఫ్రెండ్స్, రేపు వాళ్లే కలుస్తారు. మధ్యలో మనకెందుకు?”

ఆమె కూర వేడి చేసింది, కంచం పెట్టింది, ఎదురుగా కూర్చుంది. అతను అన్నం కెలుకుతూ ఉన్నాడు.

“ఆయనకి నిజంగా చెవుడు లేదంటారా?”

“నాకంటే బాగా వింటాడు.”

“మరి ఇప్పుడు హోటల్లో కూర్చుని ఏం చేస్తూ ఉంటాడండీ?”

ఆ ఒక్క మాటతో శశాంక్ కంచం పక్కకి జరిపాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆమె కూడా ఇక వద్దనలేదు.

శుక్రవారం ఉదయం కాలిన్ పెట్టెతో వచ్చాడు, వీడ్కోలు చెప్పడానికి. ఎడ్విన్ కూడా అక్కడే ఉన్నాడు. ఇప్పుడు నోరు పెగలకపోతే ఇంకెప్పటికీ పెగలదని శశాంక్‌కి తెలుసు. బల్లని గోడ నుంచి ముందుకు లాగాడు.

“ఒకసారి ఇటు చూడండి. ఇరవై నాలుగోదానికి వైరు లేదు. ఎప్పుడూ లేదు. నేను మిమ్మల్ని మోసం చేశాను. కాలిన్ చెప్పిందే కరెక్ట్.”

ఎడ్విన్ వంగి చూశాడు. ఖాళీగా ఉన్న రంధ్రంలో వేలు పెట్టి మరీ చూశాడు. కాలిన్ ముందు నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

“రాత్రంతా నా గిటారు నాకు వినపడుతోందో లేదో అని వాయించుకుంటూ కూర్చున్నాను, శాష్. చెప్పావు, చాలు.” తర్వాత స్నేహితుడి వైపు తిరిగాడు. “ఎడ్, నాకు తేడా తెలీలేదు అన్నప్పుడు, నీ చెవి పొరపాటేమో అని ఒక్క క్షణమైనా అనిపించిందా?”

ఎడ్విన్ ఆలోచించాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు.

“లేదు.”

“ఇరవై రెండేళ్లు,” అన్నాడు కాలిన్. “మీట అబద్ధమేగానీ, అది మాత్రం నిజం.” పెట్టె, గిటారు తీసుకుని బయటికి నడిచాడు. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లాడు.

శశాంక్ బల్లని మళ్లీ గోడకి నెట్టాడు. అరుస్తాడు, గ్రెగ్‌ని పిలుస్తాడు, పొమ్మంటాడు అని ఎదురుచూశాడు. ఎడ్విన్ కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

“నాకు వినపడింది,” అన్నాడు. “ఒట్టు, శాష్. గాలి వచ్చింది. స్పష్టంగా వినపడింది.”

“తెలుసు,” అన్నాడు శశాంక్.

గ్రెగ్ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. కొరియర్ మనిషి ఒంటిగంటకి వస్తాడని, లండన్ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చిందని చెప్పాడు. ఇంకా మూడు పాటలు ఎడ్విన్ ఒప్పుకోనే లేదు.

“అన్నీ పంపించెయ్యి,” అన్నాడు ఎడ్విన్. “కాలిన్ గిటారు ఎలా ఉందో అలాగే ఉంచు.”

గ్రెగ్ నమ్మలేనట్టు చూసి, ఆ మాట వెనక్కి తీసుకుంటాడేమోనని గబగబా వెళ్లిపోయాడు. శశాంక్ పర్మిట్ నిలబడింది. నాలుగు రోజులుగా దేనికోసం తిండి మానేశాడో అది చేతికొచ్చింది. సంతోషం మాత్రం రాలేదు. డిస్కులు పెట్టెలో సర్దబోతూ ఆగాడు.

“ఆ మూడూ చివరిసారి ఒకసారి వింటారా?”

“వద్దు,” అన్నాడు ఎడ్విన్. “విన్నా నాకేం తెలుస్తుంది?”