టాక్స్ మాఫీ

జీతాల పట్టీలో ఆ గడి టైపు చేసింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది. పైవాళ్లు చేయించారు, నేను చేశాను, నాదేముంది అని నలభై ఏళ్లుగా నాకు నేను సర్దిచెప్పుకుంటూనే ఉన్నాను. ఇంతవరకూ ఒక్కసారి కూడా నమ్మలేదు.

1978. అబుదాబి ఊరికి బయట మఫ్రఖ్‌లో పైపులు వెల్డింగ్ చేసే ఒక అమెరికా కంపెనీ యార్డు ఉండేది. పక్కనే లేబర్ క్యాంపు. ఆ ఆఫీసులో నేను టైపిస్టుని, టైమ్‌కీపర్‌ని. పేరు నబీ రసూల్, మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి. ఆఫీసులో వినపడేవి మలయాళం, అరబ్బీ, ఇంగ్లీషు. మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకునేటప్పుడు వాళ్ల భాషలో వాళ్లు ఏదో అనుకుని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి, ఎందుకో తెలియకుండానే.

క్యాంపులో తెలుగువాళ్లు ఇరవై ముగ్గురు. అందరూ కరీంనగర్ జిల్లా పల్లెల నుంచి వచ్చినవాళ్లే. నేను వాళ్ల అర్ర దగ్గరికి వెళితే బీడీలు దాచి లేచి నిలబడేవాళ్లు. ఆఫీసు వాళ్లకు నేను లేబర్ వైపు మనిషిని, లేబర్‌కు ఆఫీసు మనిషిని. శుక్రవారం పొద్దున మాత్రం ఉత్తరాలు రాయించుకోవడానికి నా గదికి వచ్చేవాళ్లు. మిగతా ఆరు రోజులూ నేను ఆ శుక్రవారం కోసమే బతికాను. ఊళ్లో మా అమ్మకు చదువు రాదు కాబట్టి నాకు ఉత్తరాలు రాసేవాళ్లు లేరు.

మా యార్డుకు సూపరింటెండెంట్ ఒక అమెరికన్. నీడలో కూడా టోపీ తియ్యడని కూలీలు టోపీదొర అనేవాళ్లు. సరిగ్గా ఆ రోజుల్లో అమెరికా ప్రభుత్వం బయటి దేశాల్లో సంపాదించుకునే తన వాళ్ల మీద పన్ను పెంచింది. ఇసకలో కూర్చుని సంపాదించినా సరే, అమెరికావాడు తన దేశానికి లెక్క చెప్పి కట్టాల్సిందే. టోపీదొర కట్టనన్నాడు. నా పన్ను కంపెనీ భరిస్తే ఉంటాను, లేకపోతే టికెట్ ఇవ్వండి, పోతాను అన్నాడు. కంపెనీ సరేనంది. అనడానికేం, అనేసింది. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలో మా ముదీర్, అంటే మేనేజరు, కనిపెట్టాడు. లేబర్ నాలుగు వందల మంది, మనిషికి నెలకు ఇరవై దిర్హాములు. జీతం చేతికి రాకముందే పట్టుకుంటే అడిగేవాడుండడు.

ఆ కోత ఎక్కించమన్న కాగితం నా చేతికే వచ్చింది. పట్టీలో ఆ గడికి ఏం పేరు పెట్టాలని అడిగాను.

"టాక్స్ అని పెట్టు. అబద్ధమేం కాదుగా," అని ముదీర్ నవ్వాడు.

"ఆఫీసు స్టాఫ్‌కు కూడానా సార్?"

"నీకు లేదులే. యల్లా, టైప్ చెయ్."

నాకు లేదన్న మాట వినగానే ప్రాణం కుదుటపడింది. అప్పుడు సిగ్గనిపించలేదు.

మొదటి నెల కవర్లు పంచిన సాయంత్రం పోశయ్య నా కిటికీ దగ్గరికొచ్చాడు. నలభై దాటిన మనిషి, రాయికల్ దగ్గర పల్లె. పైపుల అంచులు గ్రైండింగ్ చేసే పని. ఎంత కడుక్కున్నా కనుబొమల్లో ఇనప రజను మెరుస్తూ ఉండేది. మిగతా ఇరవై రెండుమందీ ఏదున్నా అతన్ని ముందుకు తోసేవాళ్లు.

"సాబ్, గిదేంది? ఇరవై తక్కువొచ్చినయ్."

"టాక్స్, పోశన్నా."

"ఎవనికి?"

"సర్కారుకి."

ఏ సర్కారుకో అతను అడగలేదు, నేను చెప్పలేదు. అలా తప్పించుకున్నందుకు ఆ పూట నా తెలివికి నేనే మురిసిపోయాను.

తిడతాడనుకున్నాను. అతను కాసేపు ఆలోచించి తలూపాడు. "మంచిదే తియ్. ఊర్లె భూమికి శిస్తు గట్టినం, ఈడ జీతానికి గడుతున్నం. ఉత్తగనే వచ్చి ఉత్తగనే పోయెటోల్లం కాదన్నట్టు మనం," అన్నాడు. ఆ తరవాత పని నుంచి వస్తూ అబుదాబి రోడ్డు మీద కొత్తగా పాతిన దీపాల స్తంభాలు చూపించి, "గండ్ల ఒక్కటన్న మన పైసల్ది ఉంటది సాబ్," అనేవాడు. నేను అటు చూసేవాణ్ణి కాదు.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఎండాకాలం వచ్చేసరికి క్యాంపుకు నీళ్ల ట్యాంకర్ రోజు విడిచి రోజు రావడం మొదలెట్టింది. ఆ వచ్చేవి కూడా ఉప్పు నీళ్లు. క్యాంపు బాసును అడిగితే నీళ్లు మాఫీ అని చేతులు తిప్పాడు. ఇక్కడ దిగిన రెండో రోజుకే అందరికీ వచ్చేసే అరబ్బీ మాట అది. లేదు అని అర్థం. బస్సు మాఫీ, లీవు మాఫీ, రొట్టె మాఫీ.

"బలదియాకు వోత," అన్నాడు పోశయ్య. అబుదాబిలో మునిసిపాలిటీ ఆఫీసును బలదియా అంటారు. "ఊర్లె శిస్తు గట్టి పంచాయతోల్లను అడుగుతలేనా? ఈడ గూడ గడుతున్నం గద."

"వద్దు పోశన్నా," అన్నాను. ఎందుకు వద్దో చెప్పలేకపోయాను.

ఒక రోజు జీతం పోగొట్టుకుని, ఎనిమిది పే స్లిప్పులూ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని శనివారం పొద్దున్నే వెళ్లాడు. మూడింటికల్లా తిరిగొచ్చి, బట్టలైనా మార్చుకోకుండా నా కిటికీ ఊచలు పట్టుకున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"సాబ్, టాక్స్ మాఫీ!"

"ఎవరన్నారు?"

"పెద్ద సాబే అన్నడు. తెల్ల అంగి, మంచిగున్నడు. చాయ్ తాపిండు. మన స్లిప్పులన్ని జూసిండు. గా టాక్స్ గడి మీద వేలు వెట్టి, 'టాక్స్ మాఫీ, టాక్స్ మాఫీ' అన్నడు. ఒక్కపాలి గాదు, నాలుగుపాల్లన్నడు. నవ్వుకుంట నా భుజం మీద గొట్టిండు. నీళ్ల సంగతి గూడ కంపెనీ పేరడిగి రాసుకున్నడు."

నాకు వెంటనే అర్థమైంది. ఆ అరబ్బు అధికారి చెప్పింది ఈ దేశంలో టాక్సే లేదు, మీ దగ్గర ఎవరు కోస్తున్నారు అని. మాఫీ అన్న అరబ్బీ మాట పోశయ్యకు తెలియనిది కాదు, రోజుకు ఇరవైసార్లు అనేదే. కానీ శిస్తు లాంటి దాని పక్కన మాఫీ అని వినపడేసరికి అతని చెవి ఊరికి వెళ్లిపోయింది. పంటలు ఎండిన ఏడాది తహసీల్దారు జీపు దిగి, ఈసారి శిస్తు మాఫీ అని చెప్పి పోయిన ఊరు అది. అక్కడ మాఫీ అంటే వదిలేయడం, కనికరించడం.

చెబుదామనే నోరు తెరిచాను. ఇంతలో పోశయ్య ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇయ్యాల మన అర్రలనే తినాలె నువ్వు. కోడిని తెప్పిస్తున్న, హలాల్‌దే."

ఆ దేశం వచ్చాక నన్ను ఎవరూ తిండికి పిలవలేదు. తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రం వాళ్ల అర్రలో మంచం పట్టె మీద, ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని తిన్నాను. కూరలో కారం నషాళానికి అంటింది. నేను నీళ్ల కోసం చేతులాడిస్తుంటే, "నెల్లూరోల్లు గింతేనా?" అని ఒకడు ఏడిపించాడు. అందరూ నవ్వారు. ఈసారి ఎందుకు నవ్వుతున్నానో నాకు తెలుసు. మా అమ్మకు ఇప్పుడు కళ్లు ఎలా కనిపిస్తున్నాయని అడిగారు. ఎప్పుడో ఒకసారి మాటవరసకు చెప్పింది గుర్తుపెట్టుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, కారం మీదకు నెట్టేశాను.

చేతులు కడుక్కోగానే పోశయ్య భార్య గౌరవ్వకు ఉత్తరం రాయమన్నాడు. "టాక్స్ మాఫీ అయిందని రాయి. వచ్చే నెలకెల్లి నలభై రూపాలు ఎక్కువ పంపుత, బర్రె కోసం చిట్టీల పేరిమ్మను." నేను రాశాను. ఎప్పుడూ లేనంత ముద్దుగా రాశాను. వాళ్లంతా చుట్టూ చేరి, చదవడం రాకపోయినా, నా అక్షరాలను మెచ్చుకుంటున్నారు మరి.

వారం తిరక్కుండా రోజూ ట్యాంకర్ రావడం మొదలైంది, మంచినీళ్లతో. బలదియా వాళ్ల మాట పనిచేసినట్టుంది. ఇక పోశయ్యను ఆపేవాళ్లు లేరు. నీళ్లు వచ్చాయి కాబట్టి మాఫీ కూడా నిజమే అనుకున్నారు. నేను రోజూ సాయంత్రం వాళ్ల దగ్గరే తిన్నాను. చెబితే రేపటి నుంచి ఈ అర్ర ఉండదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ మూడు వారాలు గడిపాను. ఈలోగా ముదీర్ దగ్గరికి వెళ్లి ఒక్క మాట అడిగానా అంటే అదీ లేదు.

గురువారం కవర్లు పంచారు. ఆ రాత్రి భోజనానికి వెళ్లలేదు. శుక్రవారం పొద్దున పోశయ్య ఒక్కడే నా గదికి వచ్చాడు.

"కటింగ్ ఆగలే సాబ్," అన్నాడు నెమ్మదిగా. "కాయితమేమన్న రావాల్నా? వచ్చే నెలకు ఆగుతదా?"

అబద్ధాన్ని తనే అందిస్తున్నాడు. అవునంటే చాలు, ఇంకో నెల అన్నం దొరుకుతుంది. అవునని నాలిక చివరిదాకా వచ్చింది కూడా. అతని కనుబొమల్లో ఆ ఇనప రజను చూస్తూ అనలేకపోయాను.

"ఆయన అన్నది మన మాఫీ కాదు పోశన్నా. అరబ్బీ మాఫీ."

అతనికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అంటె ఈడ టాక్సే లేదా?"

"లేదు."

"మరి గవి ఎవనికి వోతున్నయ్?"

చెప్పాను. టోపీదొర, అమెరికా, కంపెనీ ఒప్పుకోలు, ముదీర్ లెక్క, అన్నీ చెప్పాను. అతను వింటూ మధ్యలో ఒకేసారి అడిగాడు, ఆ దొర జీతమెంత అని. నీ జీతానికి ముప్పై రెట్లుంటుందన్నాను.

"నీకెప్పుడు ఎరుక?"

"మొదటి నాడే. ఆ కాగితం టైప్ చేసింది నేనేగా."

"మాఫీ అని నేనొచ్చి చెప్పిన్నాడు?"

"అప్పుడూ తెలుసు."

"మరి కూసోని తింటివి."

"మీరు పిలిచినారు పోశన్నా," అన్నాను. "ఈడికొచ్చినాక నన్ను ఎవురూ పిలవలా. చెప్తే మళ్లా పిలవరని చెప్పలా."

అతను నన్ను చూశాడు. తిట్టడానికి వచ్చిన మనిషి కాదని అప్పుడు తెలిసింది. ఆ చూపులో జాలి కూడా ఉంది, నాకు తెలుసు. "పోనీ తియ్. ఇద్దరం మోసపోయినోల్లమే," అని లేవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "నీకు గూడ ఇరవయ్యేనా, ఎక్కువ కోస్తుండ్రా?"

"నాకు లేదు."

"లేదా?"

"ఆఫీసు వాళ్లకు లేదు."

పోశయ్య లేచాడు. ఎప్పుడూ నా మంచం మీద కూర్చునేవాడు. ఆ రోజు వెళ్లి గడప మీద కూర్చున్నాడు. "ఉత్తరం రాయాలె. మీరు రాయుండ్రి సాబ్, మేం చెప్తం," అన్నాడు.

అంతవరకూ ఆ మనిషి నోట నాకు నువ్వు తప్ప మీరు లేదు. మనం తప్ప మేం లేదు. ఆ రెండు మాటలు చాలు, తిట్టినా అంత తగిలేది కాదు. కాగితం తీసుకున్నాను.

అతను తొందరపడకుండా చెప్పాడు. "గౌరవ్వా, చిట్టీల నీ పేరు తీసెయ్యమను. మాఫీ కాలేదు. ఈడ అమెరికా దొరొకడున్నడు. ఆయినె దేశానికి ఆయిన కట్టాల్సింది మేం గడుతున్నం, నాలుగు వందల మందిమి. కైకిలి జేసెటోల్లకే కోస్తుండ్రు. ఈ ఉత్తరం రాసే సాబుకు కోస్తలేరు." అక్కడ ఆగాడు. "రాసిండ్రా?"

"రాశాను."

"సదువుండ్రి."

చదివాను. చివరి మాట దగ్గర ఆగిపోయాను. పోశయ్య తొందరపెట్టలేదు. నేను అది బయటికి చదివి పూర్తి చేసేదాకా గడప మీద అలాగే కూర్చున్నాడు.